తట్టి చెప్పిన మాట

సంచిలో ఉన్నవి మూడే నమూనా పలకలు. అందులో బరువంతా ఒక్కదానిది, గట్టి చెక్కది. వెదురు పలక దానికి తమ్ముడి వరస. మూడోది, లామినేటుది, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఓ మూలన పడి ఉంది. ఉందో లేదో చెయ్యి పెట్టి చూస్తేగానీ తెలియదు.

ఆ సంచి భుజానికి తగిలించుకుని పాప రోడ్డు వైపున నడుస్తోంది. మేస్త్రి గోడ వారన నడుస్తున్నాడు. పాప అంటే పాపేమీ కాదు, ముప్ఫై రెండేళ్ళ మనిషి. తండ్రి వెంట పనికి వచ్చిన మొదటి రోజున నేల పలకలమ్మే షాపులో ఎవరో అలా పిలిచారు, ఆ పిలుపే ఉండిపోయింది. ఇళ్ళల్లో చెక్క నేలలు పరచడం వాళ్ళ పని. కొలతలు తీసేదీ, పలకలు కోసేదీ, మూలల్లో మోకాళ్ళ మీద పాకి ముక్కలు సరిపెట్టేదీ కూతురే. అయినా ఆయన మేస్త్రి, ఈమె పాప.

వీధిలో రోడ్డు వైపు ఎప్పుడూ ఆమే నడవాలి. వెనక నుంచి వచ్చే బండి హారన్ మేస్త్రికి వినపడదు. ముప్ఫై ఏళ్ళు కోత మిషను పక్కన నిలబడ్డ చెవులు, ముందు ఒకటీ తర్వాత ఒకటీ మూతపడ్డాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తాడు. వెనక నుంచి పిలిస్తే మాత్రం గోడని పిలిచినట్టే. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురు: ఆయన, కూతురు, వాళ్ళకి పనులిచ్చే షాపాయన.

నాలుగోవాడికి తెలిస్తే వాళ్ళ పొయ్యి ఆరిపోతుంది. ఎందుకంటే మేస్త్రి పేరంతా ఆయన చెవుల మీదే నిలబడింది. నేల అతికించాక ప్రతి పలకనీ చెక్క సుత్తితో తట్టి, కింద జిగురు పట్టిందో లేదో చప్పుడుని బట్టి చెప్పి పని అప్పజెప్తాడు. గట్టిగా పలికితే ‘నిండు’, బోలుగా పలికితే ‘డొల్ల’. డొల్ల అన్న పలకని మళ్ళీ లేపి అతికించాకే అక్కణ్ణించి లేస్తాడు. ఇప్పుడు తట్టేది ఆయన, వినేది కూతురు. ఆయన కళ్ళకి ఎదురుగా నిలబడుతుంది. డొల్ల పలికితే ఎడమ చెవి దిద్దు పట్టుకుంటుంది. ఆయన అది చూసి, లోపల ఏదో లెక్క కట్టినట్టు తల పంకించి, ‘డొల్ల’ అంటాడు. ఆ తల పంకించడం ఎవరూ నేర్పలేదు, ఆయన సొంత నటన. ఒకసారి పాపే సుత్తి పట్టుకుంటే ఆ ఇంటి యజమాని నవ్వి, మీ నాన్నని పిలువమ్మా అన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ పట్టుకోలేదు.

ఆ రోజు వాళ్ళు వెళ్ళిన ఇంట్లో గేటు దగ్గరే ఇంటాయన తమ్ముడుగారు కాసుకుని ఉన్నాడు. నేల వెయ్యాల్సిన గది తనది కాదనీ, అన్నయ్యదనీ, అన్నయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడనీ, నాలుగేళ్ళ క్రితం కళ్ళు పోయాయనీ నడుస్తూనే చెప్పేశాడు. ముందు గది ఇక నుంచి తన కొడుకు చదువుకి కావాలి. అన్నయ్యకి వెనక గది. అన్నయ్య ఒప్పుకున్నాడు పాపం, దేవుడిలాంటి మనిషి, అన్నాడు.

వెనక గదిలో సామానేమీ లేదు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద వెదురు కర్ర అడ్డంగా పెట్టుకుని డ్రైవరుగారు కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి మందపాటి రబ్బరు చెప్పులు. అడుగుల చప్పుడు విని మొహం ఎత్తాడు.

“రండి మేస్త్రీ. ముందు గోడలు చూడండి. మొన్ననే అయింది రంగు. లేత నీలం, నేనే చెప్పి వేయించుకున్నాను. ఎలా కుదిరింది?”

పాప గోడల వైపు చూసింది. ఎన్నేళ్ళ నాటిదో సున్నం, పసుపుపచ్చగా మారిపోయి ఉంది. క్యాలెండరు తగిలించిన చోట నలుచదరంగా తెల్లటి మచ్చ. కింద మోకాలెత్తు దాకా చెమ్మ ఎక్కి పెచ్చులు లేచాయి. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను అన్నగారి కుర్చీ వెనక నిలబడి, పోనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఏమాత్రం సిగ్గు పడలేదు. పిల్లల ముందు పెద్దవాళ్ళు కన్ను గీటుకున్నట్టుగానే ఉంది ఆ ఊపడం.

“వాసన కూడా రాలేదేంట్రా, కొత్త రంగుకి?” అన్నాడు డ్రైవరుగారు.

ఇప్పటి రంగులకి వాసనే ఉండదన్నయ్యా, అన్నాడు తమ్ముడు. డ్రైవరుగారు నవ్వాడు. చప్పుడు లేని బళ్ళు వచ్చాయి, వాసన లేని రంగులు వచ్చాయి, నాలాంటివాడు ఇక దేన్ని పట్టుకుని బతకాలి అన్నాడు. అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారని చూసి మేస్త్రి కూడా నవ్వాడు. పాప నవ్వలేదు, నోరూ విప్పలేదు. మన పని నేల, గోడలు కాదు అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అలవాటే.

డ్రైవరుగారు తనంతట తనే చెప్పుకొచ్చాడు. ఈ ఇల్లు ఆయన కట్టిందే. ముందు గది ఇమ్మంటే ఇచ్చేశాడు, బదులుగా రెండే అడిగాడు. గోడకి నీలం, కాళ్ళ కింద అసలు చెక్క. కళ్ళు పోయినా గది బొమ్మ మనసులో ఉంటుంది కదా, అందుకు నీలం. చెక్క ఎందుకో మాత్రం విడిగా చెప్పాడు.

“ముప్ఫై ఒక్కేళ్ళు రేకు మీద కాళ్ళు పెట్టి కూర్చున్నాను మేస్త్రీ. ఇంజను వేడికి ఎండాకాలం అరికాళ్ళు బొబ్బలెక్కేవి. పెద్దతనంలో చెక్క మీద నడవాలని అప్పుడే అనుకున్నా. తీరా ఇప్పుడు షుగరొచ్చి కాళ్ళకి స్పర్శ లేదు. వేళ్ళకీ అంతంత మాత్రమే. కళ్ళు పోతే మిగతావన్నీ పదునెక్కుతాయంటారు. అందరికీ అలా ఏం జరగదు.”

అయినా చెక్కే కావాలంటున్నాడు. మేస్త్రి నేల మీద కూర్చుని, సంచిలోంచి పలకలు ఒక్కొక్కటే తీసి ఆయన చేతుల్లో పెట్టాడు.

మొదట వెదురు. సన్నటి పట్టీలు అతికించి నొక్కిన పలక, చెక్క కన్నా గట్టిదనే పేరు, నీళ్ళకి తొందరగా లొంగదు. డ్రైవరుగారు దాన్ని తూచి, ముక్కు దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టి చూశాడు. మంచి సరుకే అన్నాడు. కానీ చేతిలో కర్రా వెదురే, కింద నేలా వెదురే అయితే ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలియక తగువు పడతాయి, వద్దులెండి అన్నాడు.

తర్వాత లామినేటు. చెక్కపొడి నొక్కిన అట్ట మీద చెక్క గీతలు అచ్చువేసిన కాగితం, దాని మీద నునుపు పూత. కొట్టి చూస్తే టక్కుమంది. డ్రైవరుగారు మళ్ళీ కొట్టాడు, మళ్ళీ టక్కుమంది.

“పైన పటారం, లోన లొటారం. మా డిపో మేనేజరు గుర్తొస్తున్నాడు” అన్నాడు.

మూడోది, గట్టి చెక్కది, చేతిలో పెట్టగానే ఆయన మాటలు ఆపేశాడు. రెండు చేతులతో ఒడిలో పెట్టుకున్నాడు. బరువు చూశాడు, బుగ్గకి ఆనించుకున్నాడు, కోసిన అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చాడు. చంటిపిల్లని ఎత్తుకున్నవాడిలా పలకని కిందికి దించకుండా అలాగే పట్టుకుని, ఇదే, అన్నాడు.

మేస్త్రికి అప్పుడు ఉత్సాహం వచ్చింది. గట్టి చెక్క అతికించే పని దొరికి ఏడాది దాటింది. షాపాయన ఎప్పుడూ లామినేటే అంటగడుతున్నాడు. ముందు సరుకు ఈ గదిలో మూడు రోజులు ఉండాలనీ, గది గాలికి చెక్క అలవాటు పడాలనీ, ఆ తర్వాతే అతికించాలనీ చెప్పాడు. చివర్న తన అలవాటైన మాట కూడా చెప్పాడు.

“అంతా అయ్యాక మీ ఎదురుగా ప్రతి పలకా తట్టి, నిండో డొల్లో చెప్పి అప్పజెప్తాను. తట్టి చెప్పిన మాట నేను ఇంతవరకూ తప్పలేదు.”

“అదే కావాలి నాకు” అన్నాడు డ్రైవరుగారు. “నా చెవిని నేను నమ్మను. మీ మాట నమ్ముతాను.”

గేటు దాకా సాగనంపుతూ తమ్ముడు అసలు మాట బయట పెట్టాడు. లామినేటు వేసేయండి, చెక్క రంగుదే. షాపాయనతో నిన్ననే మాట్లాడేశాను, సరుకు రేపు దిగుతుంది. అన్నయ్య సంతోషం అన్నయ్యకి మిగులుతుంది, పిల్లాడి ఫీజుకి కాస్త నాకు మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడు. కళ్ళున్నవాళ్ళకే తేడా తెలియడం లేదు ఈ రోజుల్లో, అని కూడా అన్నాడు. మరి ఆయన చేతికి అవన్నీ ఇచ్చి ఏది కావాలని అడగడం ఎందుకని పాప అడిగింది. అడగకపోతే బాధపడతాడు కదమ్మా, అన్నాడు తమ్ముడు. నిజంగానే అతని గొంతులో ప్రేమ ఉంది. పాపకి ఒళ్ళు మండింది ఆ ప్రేమ విని.

షాపుకి వెళ్తే షాపాయన ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. పాపని పక్కకి పిలిచి, మేస్త్రికి వీపు కనపడేలా నిలబడి, “మీ నాన్న చెవుల సంగతి నేనెక్కడైనా నోరు జారానా? ఇదీ అలాంటిదే అనుకో” అన్నాడు. ఇంకో మాట అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర పాప తండ్రికి ఎదురుగా కూర్చుని, ఈ పని మనకొద్దు నాన్నా అంది. మేస్త్రి ఆమె పెదాల మీంచి చూపు తప్పించాడు. ఆయన వినదలచుకోనప్పుడు చేసే పని అదే. చెవిటివాడికి కళ్ళు మూసుకుంటే చాలు. మనం పరిచేవాళ్ళం, కొనేవాళ్ళం కాదు అన్నాడు. పేరు పోతే ఈ వయసులో నేనెక్కడికి పోను, నువ్వెక్కడికి పోతావు అన్నాడు. ఇంకొంచెం సేపటికి, లామినేటుకి తట్టక్కర్లేదు కదా అన్నాడు, చాలా మెల్లగా. ఆ మాటలో ఉన్న తెరిపి పాపకి తెలిసింది. తట్టే పని లేని నేల అంటే ఆయనకి పరీక్ష లేని బడి. ఏడాదిగా షాపాయన లామినేటు ఎందుకు అంటగడుతున్నాడో, ఈయన ఎందుకు వద్దనడం లేదో ఆమెకి అప్పుడు అర్థమైంది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. ఆ జాలే తనని ఈ పనికి లాక్కుపోతుందని కూడా తెలుసు.

మర్నాడు సరుకు దిగింది. అట్టపెట్టెలు గది మధ్యలో పేర్చారు. లామినేటునీ గది గాలికి రెండు రోజులు వదలాల్సిందే కాబట్టి, ఆ ఒక్క విషయంలో అబద్ధం ఆడే పని తప్పింది. మూడో రోజు పాప నేల కొలుచుకోవడానికి వెళ్తే, డ్రైవరుగారు కుర్చీ ఆ పెట్టెల పక్కనే వేయించుకుని కూర్చుని ఉన్నాడు. ఇంటికి కొత్త చుట్టాలొస్తే ఒంటరిగా వదిలేస్తామా, అందుకని తోడు కూర్చున్నా అన్నాడు. చెక్క అలవాటు పడుతోందా అమ్మా అని అడిగాడు. పడుతోందండి, అంది పాప. అది ఆమె నోటితో ఆడిన మొదటి అబద్ధం. అంతకు ముందువన్నీ నోరు మూసుకుని ఆడినవే.

పని రెండు రోజులు పట్టింది. గచ్చు ఊడ్చి, చెమ్మ రాకుండా ప్లాస్టిక్ కాగితం పరిచారు. దాని మీద మెత్తటి ఫోమ్ షీటు పరిచి అతుకులకి టేపు వేశారు. కిటికీ గోడ నుంచి మొదటి వరస మొదలుపెట్టి, గోడకీ పలకకీ మధ్య చిటికెన వేలంత సందు ఉండేలా ముక్కలు దోపారు. పలక అంచుని వాలుగా పట్టి ముందు పలక గాడిలో పెట్టి కిందికి నొక్కితే టప్పుమని కూర్చుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. మేస్త్రి మోకాళ్ళకి రబ్బరు తొడుగులు కట్టుకుని నొక్కుకుంటూ పోతున్నాడు. పాప వరండాలో కోసి అందిస్తోంది. చేతులు పని చేస్తున్నప్పుడు మేస్త్రి మొహంలో ఏ చింతా కనపడదు. అతుకు ఎక్కడైనా వెంట్రుక వాసి విచ్చుకుంటే మళ్ళీ ఊడదీసి వేస్తాడు. మోసాన్ని కూడా ఇంత శుభ్రంగా చేసే మనిషి ఇంకెవరూ ఉండరనుకుంది పాప. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందనుకునేలా మోచేత్తో తుడుచుకుంది.

డ్రైవరుగారు వరండాలోనే కూర్చున్నాడు. మిషను ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేవాడు. ఒక మలుపు దగ్గర రోజూ ఎదురొచ్చి నిలబడే గేదె గురించి చెప్పాడు. చిల్లర ఇవ్వకుండా నిద్ర నటించే కండక్టరు గురించి చెప్పాడు. రాత్రి నుంచి నిద్ర పట్టలేదమ్మా, కొత్త చొక్కా కుట్టించుకున్న పిల్లాడిలా ఉంది నా పని అన్నాడు. పాప పలకకి పెన్సిలు గీత పెడుతూ ఊఁ కొట్టింది. ఊఁ కొట్టడానికి కూడా ఓపిక కావలసి వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి చివరి వరస పడింది. గోడ వారన పట్టీలు కొట్టేశారు. అప్పుడు షాపు నుంచి ఒక సీసా వచ్చింది. అసలు చెక్కకి పూసే నూనె. వాసన కోసం, అన్నాడు తెచ్చినవాడు. మేస్త్రి ఆ సీసా చూసి, సామాన్లు సర్దుకునే వంకతో బయటికి పోయాడు. గుడ్డ ముక్క తీసుకుని నేలంతా పూసింది పాపే. చెక్కయితే నూనె తాగుతుంది. ఇది చుక్క కూడా తాగలేదు. పూసినదంతా పైనే తేలి జిడ్డుగా నిలబడితే, మళ్ళీ అదంతా తుడవడానికి గంట పట్టింది. గది మాత్రం గుమ్మంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు ఇదన్నమాట అనుకుంది.

ఆ వాసనకే కాబోలు డ్రైవరుగారు లేచి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత కర్ర గోడకి ఆనించి, చేతులు రెండూ వదిలేసి, కిటికీ వైపు నడిచాడు. పదకొండు అడుగులు. మధ్యలో ఒకసారి తూలితే పాప లేవబోయింది, కానీ ఆయన పడలేదు. కిటికీ ఊచలు చేతికి తగిలాక ఇటు తిరిగి నవ్వాడు.

“చూశావా అమ్మా? నాలుగేళ్ళలో కర్ర లేకుండా నడవడం ఇదే. కాళ్ళకి ఏమీ తెలియదనుకో. కానీ కింద ఏముందో నాకు తెలుసు కదా. అది తెలిస్తే చాలు, భయం ఉండదు.”

పాప గుడ్డ ముక్క పిండుతూనే ఉంది. పిండటానికి అందులో ఏమీ లేదు.

“రేపు పొద్దున మీ నాన్న తట్టి చెప్తే అయిపోతుంది” అన్నాడు డ్రైవరుగారు.

ఆయన మరిచిపోతాడనుకున్నారు అందరూ. మరిచిపోలేదు. పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గది మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకన్నయ్యా, నేల బ్రహ్మాండంగా కుదిరింది, ఊరికే వాళ్ళ టైము దండగ అన్నాడు తమ్ముడు. ఆ రోజు మాటిచ్చారు, అన్నాడు డ్రైవరుగారు. చెక్క సుత్తి తెచ్చారా అని అడిగాడు.

తెచ్చారు. వచ్చేటప్పుడు దారిలో మేస్త్రి కూతురికి చెప్పాడు: నువ్వు ఊరికే నిలబడు, చెయ్యి కిందే ఉంచు, నేను వరసగా నిండు నిండు అనుకుంటూ పోతాను, పది నిమిషాల్లో అయిపోతుంది. లామినేటు కింద అంతా ఫోమే. ఎక్కడ తట్టినా డొల్లగానే పలుకుతుంది. ఆ చప్పుడు ఎలాగూ మేస్త్రికి వినపడదు, డ్రైవరుగారు తన చెవిని నమ్మడు. పాప సంచి రెండో భుజానికి మార్చుకుంది.

మేస్త్రి కిటికీ గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాప ఎప్పటిలాగే ఆయనకి ఎదురుగా, గోడకి ఆనుకుని నిలబడింది. తమ్ముడు మేస్త్రి వీపు వెనక, గుమ్మం దగ్గర నిలబడి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

మొదటి పలక మీద సుత్తి పడింది. టక్.

“నిండు” అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

రెండో పలక. టక్. “నిండు.”

డ్రైవరుగారు కళ్ళు మూసుకుని వింటున్నాడు. మొహం మీద మొన్న వెదురునీ లామినేటునీ చూసి వేళాకోళం ఆడినప్పటి నవ్వు లేదు. పెద్దవాళ్ళు ఆశీర్వదిస్తుంటే తల వంచుకుని నిలబడే మనిషి మొహం అది. అది చూడలేక పాప చూపు తిప్పుకుంటే ఎదురుగా చెమ్మ ఎక్కిన గోడ కనపడింది. ఈ గదిలో చూపు దాచుకోవడానికి చోటు లేదు.

మూడో పలక. టక్. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, మేస్త్రి కళ్ళు వాటంతట అవే కూతురి వైపు లేచాయి.

పాప ఎడమ చెవి దిద్దు పట్టుకుని ఉంది.

మేస్త్రి నోరు నిండు అనబోయి ఆగిపోయింది. కనుబొమలతో ఏమిటని అడిగాడు. ఆమె చెయ్యి దించలేదు. ఆయన మళ్ళీ తట్టాడు, ఆమెకి ఏదో పొరపాటు వినపడిందేమో అన్నట్టు. చెయ్యి అక్కడే ఉంది. ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఇన్నాళ్ళుగా ఆ చెయ్యి చూపించిందే ఆయన చెప్పాడు, ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు. చెవులు పోయాక ఆయన దగ్గర మిగిలిన నిజం ఆ చెయ్యే.

“డొల్ల” అన్నాడు మేస్త్రి.

డ్రైవరుగారి తల కొంచెం కదిలింది. పక్క పలక మీద సుత్తి పడింది. పాప చెయ్యి దిగలేదు.

“డొల్ల.”

ఇంకోటి. “డొల్ల.” ఇంకోటి. “డొల్ల.”

ఏంటి మేస్త్రీ, ఏం మాట్లాడుతున్నావు, అన్నాడు తమ్ముడు వెనక నుంచి. మేస్త్రి రెండో వరసలోకి జరిగాడు. ఆపు, ఆపమంటున్నానా, అని తమ్ముడు గొంతు పెంచాడు. చెప్తుంటే వినపడట్లేదా అని అరిచాడు. మేస్త్రి వీపు అటే ఉంది. ఆయన కళ్ళు సుత్తి మీదికీ కూతురి చేతి మీదికీ తిరుగుతున్నాయి. ఒక్కొక్క పలకా తట్టుకుంటూ, ఒక్కొక్కసారీ తల పంకిస్తూ, పని నేర్పిన గురువుకి పాఠం అప్పజెప్తున్నట్టు డొల్ల, డొల్ల అంటూ పోతున్నాడు. ఈసారి ఆ తల పంకించడం నటనలా లేదు.

తమ్ముడు ముందుకు రాబోతే డ్రైవరుగారు చెయ్యి ఎత్తాడు. చిన్నప్పటి నుంచీ ఆ చేతికి ఆగిన అలవాటేమో, అతను ఆగాడు. నాలుగో వరస సగంలో పాప చెయ్యి దించి, తండ్రికి ఆగమని సైగ చేసింది.

“మేస్త్రీ, అన్నీ డొల్లేనా?” అన్నాడు డ్రైవరుగారు.

మేస్త్రి పలకలేదు. పక్కకి తిరిగి ఉన్నాడు, పెదాలు కనపడలేదు. డ్రైవరుగారు కాసేపు ఎదురుచూశాడు. తమ్ముడు అంత అరిచినా మేస్త్రి ఆగకపోవడం కూడా ఆయనకి గుర్తున్నట్టుంది.

“మీ నాన్నకి వినపడదు కదమ్మా?”

“వినపడదండి” అంది పాప. మూడేళ్ళు కడుపులో పెట్టుకున్న రహస్యం, ఒక్క మాటలో అయిపోయింది. “వినేది నేనే. ఆయన తడతారు. చప్పుడు నేను విని సైగ చేస్తే ఆయన పైకి చెప్తారు.”

“అయితే డొల్ల అన్నది నువ్వా?”

“నేనేనండి.”

“ఇది చెక్క కాదా?”

“కాదండి. మీరు టక్కుమందన్నారే, అది. నూనె నేనే పూశాను, వాసనకి.”

డ్రైవరుగారు కుర్చీలోంచి మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి పలక మీద పెట్టి ముందుకీ వెనక్కీ నడిపించాడు, స్పర్శ అంతంత మాత్రమైన వేళ్ళతో. తమ్ముడు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నీ కోసమే అన్నయ్యా అనీ, చెక్కకి చెదలు పడతాయనీ, ఇది నీళ్ళు పడినా చెడదనీ. డ్రైవరుగారు అటు తిరగలేదు. తమ్ముడి మాట కన్నా పెద్ద సంగతేదో ఆలోచిస్తున్నాడు. పైకి మొహం ఎత్తి, పాప గొంతు వినపడ్డ వైపుకి తిప్పాడు.

“అమ్మా, గోడలు ఏం రంగున్నాయి?”

తమ్ముడు మాటలు ఆపేశాడు. పాప ఆ గోడకే ఆనుకుని ఉంది. వీపుకి సున్నం అంటుకుని ఉంటుందని తెలుసు.

“రంగు వెయ్యలేదండి. పాత సున్నమే. కింద పెచ్చులు లేచాయి.”

“క్యాలెండరు మచ్చ?”

“ఉందండి.”

డ్రైవరుగారు తల ఊపాడు. మనసులో కట్టుకున్న నీలం గదిని ఆయన ఒక్కొక్క గోడే కూల్చుకుంటున్నాడని పాపకి అర్థమైంది. ఆ గది నిన్నటి దాకా ఆయనకి ఉంది. అందులో కర్ర లేకుండా పదకొండు అడుగులు నడిచాడు. ఇక నడవడు. చెప్పకుండా ఉంటే నడిచేవాడేమో, ఏ అబద్ధం మీదైతేనేం. ఆ ఆలోచన ఆమెని ఇక జన్మలో వదలదు.

“ఇదంతా నువ్వు ఎప్పుడు చూశావమ్మా?”

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. జవాబు చెప్పడానికి ఎవరి చేతి సైగా లేదు.

“మొదటి రోజేనండి. మీరు రంగు ఎలా కుదిరిందని అడిగినప్పుడే.”

“ఊఁ” అన్నాడు డ్రైవరుగారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

షాపాయనకి ఈ కబురు తాము వీధి మలుపు తిరక్కముందే అందుతుంది. సాయంత్రానికి మిగతా షాపులకీ అందుతుంది. మేస్త్రి సుత్తి చేతిలో పట్టుకుని కూతురి పెదాల వైపే చూస్తున్నాడు. ఏం మాట్లాడుకున్నారో చాలావరకు ఆయనకి అందినట్టే ఉంది. ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. అయినా లేవలేదు, సంచి సర్దుకోలేదు.

డ్రైవరుగారు చేత్తో తడుముకుంటూ కుర్చీ కాలు పట్టుకున్నాడు, లేవడానికి కాదు, ఆనుకోవడానికి.

“ఇంకా ఎన్ని వరసలున్నాయి?”

“పదమూడున్నరండి.”

“కానివ్వమను. మాటిచ్చారు కదా. చివరిదాకా వింటాను.”

పాప తండ్రి వైపు తిరిగి, ఒక్కొక్క మాటా పెదాల మీద విడివిడిగా పలికింది. మేస్త్రి తల ఊపాడు. మళ్ళీ మోకాళ్ళ మీద జరిగాడు. ఆమె దిద్దు పట్టుకుంది; ఇక పట్టుకోనక్కర్లేదు, అయినా పట్టుకునే ఉంది. వరస తర్వాత వరస, సుత్తి పడుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. డ్రైవరుగారు ప్రతిసారీ చిన్నగా తల ఊపుతున్నాడు. ఆ పదమూడున్నర వరసలకీ చాలాసేపు పట్టింది.

చివరి వరస గుమ్మం దగ్గర. మేస్త్రి అక్కడికి జరిగేసరికి సుత్తి ముందు ఒక జత కాళ్ళు ఉన్నాయి. ఆయన తల ఎత్తి చూశాడు. కోపంగా కాదు, పనివాడు అడ్డొచ్చిన వాళ్ళని చూసినట్టే చూసి, చెయ్యి పక్కకి ఊపాడు. తమ్ముడు గుమ్మం దాటి బయటికి జరిగాడు.

మేస్త్రి అతను నిలబడ్డ పలక తట్టి, కూతురి వైపు చూసి, డొల్ల అన్నాడు.